వీవీఎస్ ఎవరి కంటికి?

హైదరాబాద్ సోమాజిగూడలో అయినా, విజయవాడ బందరు రోడ్డులో అయినా వజ్రాల కౌంటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చోగానే వినపడే మాట ఒకటుంది: "మా దగ్గర అంతా ఈఎఫ్ వీవీఎస్సే మేడమ్." ఇందులో ఈఎఫ్ అనేది రంగు సంగతి. డి నుంచి జెడ్ దాకా సాగే రంగుల వరుసలో డి తర్వాతి రెండు మెట్లు అవి. రాయిలో పసుపు ఛాయ దాదాపు లేదని అర్థం. వీవీఎస్ అనేది శుభ్రత సంగతి, వ్యాపారంలో దాన్ని క్లారిటీ అంటారు. బేరమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పక్క ట్రేలో ఉన్న జీహెచ్ వీఎస్ సెట్టు ధర తక్కువే చెబుతారు, చెబుతూనే "అది అంత క్వాలిటీ రాదండీ" అని ఒక ముక్క కలుపుతారు. పెళ్లి నగ దగ్గర తక్కువ రకం కొన్నారన్న మాట పడటం ఎవరికి ఇష్టం? అలా చాలామంది తమ కంటికి ఆనని తేడాకు డబ్బు కట్టి బయటికొస్తారు.

కంటికి ఆనకపోవడం ఆ గ్రేడు నిర్వచనంలోనే ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న క్లారిటీ కొలబద్ద జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాది. అందరూ జీఐఏ అంటారు. రాబర్ట్ షిప్లీ 1931లో పెట్టిన ఆ సంస్థలో రిచర్డ్ లిడికోట్, ఆయన సహచరులు 1953లో ఈ పద్ధతికి రూపమిచ్చారు. అంతకుముందు ఏ వర్తకుడి మాట వాడిదే. ఒకరి దగ్గర మచ్చలేని రాయి ఇంకొకరి దగ్గరికి వెళ్లేసరికి మచ్చలున్నదిగా తేలేది. వీళ్ల పద్ధతిలో ఇప్పుడు 11 మెట్లున్నాయి. అన్నిటికన్నా పైన ఎఫ్‌ఎల్, అంటే లోపలా బయటా ఏమీ దొరకనిది. దాని కింద ఐఎఫ్: లోపల ఏమీ లేదు, పైన మాత్రం మెరుగుపెట్టేటప్పుడు మిగిలిన చిన్న గీతల్లాంటివి ఉండొచ్చు. ఆ తర్వాత వీవీఎస్1, వీవీఎస్2, వీఎస్1, వీఎస్2, ఎస్ఐ1, ఎస్ఐ2. అట్టడుగున ఐ1, ఐ2, ఐ3.

ఈ మెట్లన్నీ పది రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు తేల్చేవి. ఆరితేరిన పరీక్షకుడికి కూడా లూప్ అనే పది రెట్ల చిన్న భూతద్దం కింద మచ్చ దొరకడం కష్టమైతే అది వీవీఎస్. కాస్త వెతికితే దొరికేది వీఎస్. లూప్ పెట్టగానే కనపడేది ఎస్ఐ. లూప్‌లో కొట్టొచ్చినట్టు కనపడుతూ రాయి మెరుపునే దెబ్బతీసే స్థాయికి వెళ్తే ఐ. గమనించారా, ఈ నిర్వచనాల్లో నగ పెట్టుకునే మనిషి గానీ, ఎదురుగా నిలబడి చూసే మనిషి గానీ ఎక్కడా లేరు. ఉన్నవాళ్లు ఒక నిపుణుడు, ఆయన చేతిలో ఒక లూప్.

పదిరెట్లతోనే ఎందుకు ఆగారంటే, చేతిలో ఇమిడే కటకంతో స్థిరంగా, స్పష్టంగా చూడగలిగే హద్దు దాదాపు అదే. మంచి చూపున్న కన్ను జానెడు దూరంలో ఉన్న వస్తువు మీద మిల్లీమీటరులో పదో వంతు దాకా విడిగా పోల్చుకోగలదు. పదిరెట్ల లూప్ ఆ హద్దును నూరో వంతుకు, అంటే సుమారు 10 మైక్రాన్లకు దించుతుంది. మన వెంట్రుక మందమే 50 నుంచి 100 మైక్రాన్లు. వీవీఎస్ రాయిలో పరీక్షకుడు వెతికేది వెంట్రుకలో అయిదో వంతో పదో వంతో ఉండే చుక్కను. ఇప్పుడు నగ సంగతి చూడండి. నెక్లెస్‌లో, గాజుల్లో పొదిగే రాళ్లు చాలావరకు ఒకటి నుంచి మూడు సెంట్లవి. వంద సెంట్లు ఒక క్యారట్, క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. రెండు సెంట్ల రాయి వ్యాసం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత రాయిలో వీవీఎస్‌కూ వీఎస్‌కూ ఉన్న తేడాను మూడడుగుల దూరంలో నిలబడ్డ వదినగారు కనిపెట్టడం జరగని పని.

దుకాణంలో అడిగితే లూప్ ఇస్తారు, మొహమాటపడక్కర్లేదు. చాలామంది దాన్ని పేపరు చదివే భూతద్దంలా చేయి చాచి పట్టుకుంటారు. అలా ఏమీ కనపడదు. దాని నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లే. లూప్‌ను కంటికి దాదాపు ఆనించి, రాయిని దానికి అంగుళం దూరానికి తేవాలి. రెండు మోచేతులూ కౌంటర్ మీద ఆన్చి, లూప్ పట్టిన చేతికి రాయి పట్టిన చేతిని తాకించి ఉంచితే వణుకు పోతుంది. రెండో కన్ను మూయనక్కర్లేదు. ముందు రాయి పై పలక అంచులు స్పష్టంగా కనపడతాయి. వాటితోపాటే స్పష్టంగా కనపడే తెల్లని పోగులు, చుక్కలు దుమ్ము, వేలి జిడ్డు. గుడ్డతో తుడిస్తే పోతాయి. తుడిచాక రాయిని వెంట్రుకవాసి దగ్గరకు జరిపితే చూపు పై పలకను దాటి లోపలికి దిగుతుంది. అప్పుడు కనపడేవే అసలు సంగతులు: సూదిమొనతో పొడిచినట్టున్న తెల్లని చుక్కలు, వాటిని పిన్‌పాయింట్ అంటారు, అవి గుంపుకడితే క్లౌడ్, వాలు మార్చినప్పుడల్లా ఒక్క క్షణం తళుక్కుమని మాయమయ్యే సన్నని బీట, దాని పేరు ఫెదర్, అప్పుడప్పుడు ఒక నల్లని గింజ. ఒకే గింజ నాలుగైదు చోట్ల కనపడితే కంగారుపడొద్దు. వజ్రపు వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన కాంతి పలకకు లంబం నుంచి 24 డిగ్రీల పైచిలుకు వాలుతో తగిలిందంటే బయటికి రాలేక లోపలికే మళ్లుతుంది. వజ్రం మెరుపంతా ఆ గుణం వల్లే. అడుగు కొన దగ్గర ఉన్న ఒక్క మచ్చ అద్దాల గదిలో పెట్టిన దీపంలా చుట్టూ ప్రతిఫలిస్తుంది. అలా ప్రతిఫలించే మచ్చకు పరీక్షకులు గ్రేడు తగ్గిస్తారు. అదే పరిమాణం మచ్చ అంచున ఉంటే పోనిస్తారు. మచ్చ ఎంతది, ఎన్ని, ఎక్కడ, ఏ రకం, ఎంత కొట్టొచ్చినట్టుంది అన్న అయిదింటినీ కలిపి చూశాకే గ్రేడు వేస్తారు.

లూప్‌లు లేని రోజుల్లో ఈ పనిలో ఆరితేరినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఫ్రెంచి వర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు తిరిగి చూశాడు. 1676లో అచ్చయిన అతని యాత్రా గ్రంథంలో వజ్రాల బేరం గురించిన పేజీలు ఇప్పటికీ ఆసక్తిగా చదువుకోవచ్చు. ఐరోపాలో వజ్రాన్ని పగటి వెలుగులో చూస్తారు, ఇక్కడి వర్తకులు రాత్రిపూట చూస్తారని అతనికి ఆశ్చర్యం. గోడలో అడుగు చదరపు గూడు, అందులో లావు వత్తి వేసిన దీపం, వేళ్ల మధ్య రాయి. ఒకే దిక్కునుంచి వచ్చే ఆ వెలుగులో రాయి స్వచ్ఛత, దాని నీటివన్నె తేల్చేవారట. నీటివన్నెలో నీలిఛాయ ఉందేమో చూడాలంటే పగలు ఆకులు దట్టంగా ఉన్న చెట్టు నీడకు తీసుకెళ్లేవారు. ఇవాళ్టి ప్రయోగశాలల్లో చీకటి నేపథ్యం పెట్టి పక్కనుంచి వెలుగు వేసి చూసే పద్ధతికి, ఆ గూట్లో దీపానికి పెద్ద దూరం లేదు.

సానపట్టేవాళ్ల తెలివిని కూడా అతను వదల్లేదు. రావుల్‌కొండ అని అతను రాసిన గని దగ్గర (కర్నూలు ప్రాంతపు రామళ్లకోటే అదని కొందరు గుర్తించారు) శుభ్రమైన రాయిని బరువు పోకుండా చక్రానికి పైపైన తాకించి వదిలేసేవారు. లోపల బీట ఉన్నా, నలుపో ఎరుపో రేణువు ఉన్నా రాయి నిండా చిన్నచిన్న పలకలు తీర్చేవారు. పలకల అంచు కింద మచ్చ దాక్కుంటుంది. ఎర్ర చుక్క కన్నా నల్ల చుక్క నయమని వర్తకులు అనుకుంటారట, అందుకని ఎర్ర చుక్క ఉన్న రాయిని కాల్చి దాన్ని నల్లగా మార్చేవారు. ఈ కిటుకు కొన్నాళ్లకు టావెర్నియేకి పట్టుబడింది. గని నుంచి వచ్చిన రాళ్ల పొట్లంలో చిన్న పలకలున్న రాయి కనపడగానే ఇందులో ఏదో ఉందని అనుకునేవాడు. ఇప్పుడు షోరూమ్ లైట్ల కింద మనకు ముచ్చటగొలిపే గుండ్రని వజ్రానికి 57 పలకలు. అవి మెరుపు కోసం లెక్కగట్టి తీర్చినవే అయినా, మచ్చను దాచే పని కూడా చేసిపెడతాయి. పొడుగు మెట్ల పలకలుండే ఎమరాల్డ్ కట్ రాయిలో ఆ దాపరికం కుదరదు, కిటికీలోంచి చూసినట్టు లోపలంతా కనపడుతుంది. గుండ్రని రాయికి ఎస్ఐ1 సరిపోయినవాళ్లు కూడా ఎమరాల్డ్ కట్‌కు ఒకటి రెండు మెట్లు పైకి వెళ్లక తప్పదు.

మచ్చలకు మనవాళ్లు పెట్టిన పేర్లు ఇంకా పాతవి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రానికి ఒక అధ్యాయమే ఉంది. కాకిపాదం, ఈగ, వెంట్రుక, ఇసుక రేణువు లాంటి ఆకారాలు కనపడే రాయి మంచిది కాదని అందులో చెప్పారు. ఇవాళ ఫెదర్, నీడిల్, క్రిస్టల్ అంటున్నవాటిని గుర్తుపట్టిన కళ్లే అవి. దోషమున్న వజ్రం ఇంటికి కీడన్న నమ్మకం అక్కడినుంచి ఇక్కడిదాకా వచ్చింది, "వజ్రం అందరికీ అచ్చిరాదు" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినపడుతుంది. దాని వల్ల లాభపడేది ఎక్కువగా వీవీఎస్ అమ్మేవాళ్లు.

అసలు ఆ గింజలు, బీటలు అక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే దోషమన్న మాట అంత తేలిగ్గా నోట రాదు. వజ్రాల్లో ఎక్కువ భాగం భూమి లోపల 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో, వెయ్యి డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉండే వేడిలో, ఉపరితలం మీద ఉన్న పీడనానికి దాదాపు 50 వేల రెట్ల పీడనంలో తయారయ్యాయి. కార్బన్ పరమాణువులు పేర్చుకుంటూ స్ఫటికం పెరుగుతున్నప్పుడు పక్కనే ఉన్న గార్నెట్, ఆలివీన్, క్రోమైట్, సల్ఫైడ్ రేణువులు దాని కడుపులో చిక్కుకుపోయాయి. తర్వాత ఆ వజ్రం కింబర్‌లైట్ అనే లావా గొట్టాల్లో పైకి తన్నుకొచ్చింది. మన అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నవి అలాంటి గొట్టాలే. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వెతికే రాళ్లు కూడా ఒకప్పుడు ఇలాగే పైకొచ్చి, తర్వాత వాననీళ్లకు కొట్టుకొచ్చి చెల్లాచెదురైనవి. పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గుతుంది, లోపలి గింజ వజ్రం కన్నా ఎక్కువ వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న వజ్రం ఒప్పుకోదు. ఆ పెనుగులాటలో గింజ చుట్టూ సన్నని బీట పడుతుంది. లూప్ కింద మనకు తళుక్కుమనే ఫెదర్లలో కొన్ని అవే.

ఈ గింజలు లేకపోతే వజ్రం వయసు చెప్పే దారే లేదు. వజ్రం మొత్తం కార్బన్. కార్బన్‌తో కాలం లెక్కించే పద్ధతి 50 వేల ఏళ్లు దాటితే చేతులెత్తేస్తుంది. లోపలి సల్ఫైడ్ గింజలో రీనియం క్షీణించి ఆస్మియంగా మారిన నిష్పత్తిని, గార్నెట్‌లో అయితే సమేరియం, నియోడైమియంల నిష్పత్తిని కొలిచి వయసు లెక్కగడతారు. దక్షిణాఫ్రికా వజ్రాలు కొన్నిటికి ఆ లెక్కలో 300 కోట్ల ఏళ్లకు పైనే వచ్చింది. అంటే కడుపులో గింజ ఉన్నవే వయసు నిరూపించుకోగలవు, ఎఫ్‌ఎల్ రాయి దగ్గర పుట్టిన తేదీ కాగితం ఉండదు.

ఇంకో ఉదాహరణ. బ్రెజిల్‌లోని జుయీనా ప్రాంతంలో చిన్న గనుల కూలీలు ఏరిన ఒక మట్టిరంగు వజ్రాన్ని పరిశోధకులు సుమారు 20 డాలర్లకు కొన్నారు. ఏ నగల వ్యాపారీ రెండోసారి చూడని రాయి అది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం పియర్సన్ బృందం అందులో 40 మైక్రాన్ల గింజ ఒకటి పట్టుకుంది. రింగ్‌వుడైట్ అనే ఖనిజం అది. భూమి లోపల 520 నుంచి 660 కిలోమీటర్ల మధ్య పొరలో అది విస్తారంగా ఉంటుందని అప్పటిదాకా సిద్ధాంతం చెబుతోంది గానీ, భూమి లోపలినుంచి వచ్చిన నమూనా ఎవరి చేతికీ చిక్కలేదు. ఆ గింజ బరువులో ఒక శాతానికి పైగా నీరు ఖనిజంలో కలిసి ఉంది. భూగర్భంలో అంత లోతున, కనీసం కొన్ని చోట్ల, నీరు బంధించి ఉందని 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన తేల్చింది. వజ్రం అంత గట్టిది కాకపోతే ఆ గింజ దారిలోనే మరో ఖనిజంగా మారిపోయేది.

అలాగని కొనే రాయిలో ఏ మచ్చ ఉన్నా ఫర్వాలేదని కాదు. కొన్నిటికి జాగ్రత్త పడాలి. వజ్రం మీద గీతలు పడవు గానీ, అది పగలదని ఎవరూ చెప్పలేదు. దాని స్ఫటికంలో నాలుగు దిశల్లో తేలిగ్గా చీలే తలాలున్నాయి. రాయి నడుము భాగం, అంటే గర్డిల్ దగ్గర పైకి తెరుచుకున్న ఫెదర్ ఉంటే, కంసాలి రాయిని పట్టే లోహపు గోళ్లు వంచి బిగించేటప్పుడో, ఉంగరం తలుపు గడియకు తగిలినప్పుడో అక్కడ పెచ్చు లేవొచ్చు. దుద్దులకు, లాకెట్టుకు దెబ్బలు తగలవు కాబట్టి అంత భయం లేదు. రోజూ చేతికుండే ఉంగరానికి మాత్రం గ్రేడు కన్నా ఆ ఫెదర్ ఎక్కడుందన్నదే ముఖ్యం. రెండోది క్లౌడ్. చుక్కలు మరీ సన్నగా, మరీ దట్టంగా ఉంటే ఏ ఒక్కటీ విడిగా కనపడదు, రాయి మొత్తం పాలవన్నె తిరిగి మొద్దుబారుతుంది. సర్టిఫికెట్‌లో వ్యాఖ్యల గడిలో, గ్రేడుకు కారణం బొమ్మలో చూపని క్లౌడ్లేనని ఒక ముక్క రాసి ఉంటే, ఎస్ఐ2 రాయి విషయంలో ముఖ్యంగా, కళ్లతో చూడకుండా కొనొద్దు. మూడోది పై పలక నడిమధ్యన నల్ల గింజ. మిగతావాటిని గోడ మీద సున్నపు చుక్కల్లా వదిలేయొచ్చని నా అభిప్రాయం. మిగిలిన డబ్బు చెక్కడం నాణ్యతకు, అంటే కట్‌కు పెట్టండి. కట్ బాగా లేని వీవీఎస్ రాయి, కట్ బాగున్న ఎస్ఐ1 పక్కన వెలవెలపోతుంది. ఇది లూప్ లేకుండానే, గుమ్మంలో నిలబడి చూసినా తెలుస్తుంది. షోరూమ్ స్పాట్‌లైట్ల కింద అన్నీ మెరుస్తాయి కాబట్టి రాయిని తలుపు దాకా తెచ్చి చూపించమనండి.

మచ్చలను చెరిపే విద్య కూడా టావెర్నియే నాటి కాల్చడంతో ఆగలేదు. నల్ల గింజ దాకా లేజర్‌తో వెంట్రుక కన్నా సన్నని రంధ్రం తీసి, ఆమ్లం పోసి దాన్ని కరిగించేస్తారు. అది శాశ్వతం, జీఐఏ సర్టిఫికెట్‌లో రాసి మరీ గ్రేడు ఇస్తుంది. పైకి తెరుచుకున్న బీటలో సీసం కలిసిన గాజు నింపడం ఇంకో పద్ధతి. 1980లలో ఇజ్రాయెల్‌లో జ్వీ యెహూదా దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అలాంటి రాయికి జీఐఏ గ్రేడు వేయదు. ఎప్పుడో ఉంగరం సైజు మార్పించడానికి ఇస్తే కంసాలి మంట సోకి ఆ గాజు పాడైపోతుంది, కనపడని బీట మళ్లీ కనపడుతుంది. రాయిని అటూ ఇటూ తిప్పినప్పుడు బీట నుంచి నారింజ, నీలం మెరుపులు వస్తే అనుమానించాలి.

కాగితాల దగ్గర మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. నగ మీద బీఐఎస్ హాల్‌మార్క్, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉన్నాయని నిశ్చింతగా ఉంటారు. అవి బంగారం స్వచ్ఛతకే హామీ. వజ్రం గురించి వాటిలో ఒక్క ముక్కా ఉండదు. వజ్రానికి జీఐఏ, ఐజీఐ, ఎస్‌జీఎల్ లాంటి ప్రయోగశాలల కాగితం వేరే కావాలి. అందులోనూ విడి రాయికి ఇచ్చేదానికి, పొదిగిన నగకు ఇచ్చేదానికి తేడా ఉంది. బిగించాక రాయి అంచులు లోహం కింద ఉంటాయి, అక్కడి మచ్చ ఎవరికీ కనపడదు. వంద చిన్న రాళ్లున్న హారానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో గ్రేడు అన్నిటినీ కలిపి వేసిన మాటే. పెద్ద సాలిటేర్ కొంటున్నప్పుడు బిగించకముందే విడి రాయికి సర్టిఫికెట్ ఇవ్వమని, గర్డిల్ మీద లేజర్‌తో చెక్కిన నంబరు కాగితంలోని నంబరుతో సరిపోయిందో లేదో లూప్‌లో చూపమని అడగడం న్యాయం.

కొన్నాక జరిగేది ఇంకో ముచ్చట. వజ్రానికి నీరు పడదు, జిడ్డు పడుతుంది. కింబర్లీ గనుల్లో 19వ శతాబ్దం చివర నుంచి జిడ్డు పూసిన బల్లల మీద రాళ్లను నీళ్లతో పారించేవారు, మామూలు రాళ్లు కొట్టుకుపోయి వజ్రాలు అంటుకునేవి. అదే గుణంతో తలనూనె, ముఖం క్రీము, సబ్బు మురికి దుద్దుల వెనక చేరి కూర్చుంటాయి. నెల రోజుల జిడ్డు పట్టిన ఐఎఫ్ రాయి కన్నా, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో వెనక పక్క రుద్దిన ఎస్ఐ రాయే ఎక్కువ మెరుస్తుంది. నిన్న వీవీఎస్ కొన్న కుటుంబంలో ఎంతమంది ఆ బ్రష్ తీస్తారో తెలియదు గానీ.

ఇక ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు. రెండు దారుల్లో తయారవుతాయి. అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతలో కరిగిన లోహం మధ్య పెంచేది హెచ్‌పీహెచ్‌టీ. దీనిలో చిక్కుకునే మచ్చలు ఇనుము, నికెల్, కోబాల్ట్ తునకలు, కొన్నిటిని బలమైన అయస్కాంతం లాగుతుంది కూడా. మీథేన్ లాంటి వాయువు నుంచి పొరలు పొరలుగా పేర్చేది సీవీడీ, అందులో నల్లని కార్బన్ రేణువులు కనపడొచ్చు. రెండూ నిజమైన వజ్రాలే, పెరగడానికి పట్టేది వారాలు. తయారీలో చేయి తిరిగేకొద్దీ వీటిలో ఎక్కువ భాగం రంగులో, శుభ్రతలో పై మెట్లలోనే వచ్చి పడుతున్నాయి. 95 శాతానికి పైగా చాలా ఇరుకైన శ్రేణిలోనే ఉన్నాయని జీఐఏ 2025లో ప్రకటించింది, ఆ ఏడాది అక్టోబరు నుంచి ల్యాబ్ వజ్రాలకు వీవీఎస్, వీఎస్ గ్రేడ్లు ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే మాటలు వాడుతోంది. ఐజీఐ మాత్రం పాత గ్రేడ్లే కొనసాగిస్తానంది. దాంతో వీవీఎస్ అనే ఒకే మాట రెండు రకాల రాళ్ల మీద తిరుగుతోంది: గని రాయి మీద అది అరుదుదనానికి కొలత, ల్యాబ్ రాయి మీద మామూలు సంగతి. ధరల్లో మాత్రం చాలా రెట్ల తేడా ఉంది, తిరిగి అమ్మబోతే ఇంకా ఎక్కువ. కాబట్టి రాయి గనిదో ల్యాబ్‌దో బిల్లు మీదే రాయించుకోవాలి, బై బ్యాక్ ఎంత శాతమో కూడా పక్కనే.